మూత పెట్టిన గ్లాసు

“రండి ఇబు సేకర్, కూర్చోండి. ఉపవాసాల నెల. గదికొచ్చిన మనిషికి గుక్కెడు టీ కూడా ఇవ్వలేని పాపం మాది,” అన్నాడు డాక్టర్ లుహుర్, కుర్చీ చూపిస్తూ.

సేకర్ కూర్చోలేదు. గోడ గడియారంలో నాలుగూ పది. సాయంత్రం ఆరింటికి ఇన్‌స్పెక్టర్ సింబోలోన్ సర్వర్ నడిపే సమీది చావుని ‘ఆత్మహత్య’ అని రాసి ఫైలు మూసేస్తాడు. ఫైలు మూశాక నేలమాళిగలోని పాత సర్వర్‌ని తుడిచేసి కొత్తది పెట్టాలని గణితశాఖ అధ్యక్షుడి హోదాలో ఈ లుహురే ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. ఆమెకు మిగిలింది గంటా యాభై నిమిషాలు.

పద్నాలుగేళ్లు యోగ్యకర్త పోలీసుల్లో పనిచేసి, పైఅధికారితో పడక బయటికొచ్చి, సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి ఆమె. టీ దొరకలేదని నొచ్చుకునే రకం కాదు.

“సమీదిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు, బాపక్?” ఆయన ‘ఇబు’ అనే మర్యాదకి ‘బాపక్’ అనే మర్యాదతోనే బదులిచ్చింది.

“పోయిన గురువారం మధ్యాహ్నం, నమాజు దగ్గర. అదే ఆఖరు.”

“సర్వర్ గదిలో కలవలేదా?”

“ఆ నేలమాళిగలోకి నేను దిగి నెల దాటింది. మోకాళ్లు సహకరించవు. ఒక్కో మెట్టూ ఒక్కో యుద్ధం నాకు.”

“గురువారం సాయంత్రం ఎక్కడున్నారు?”

“పై హాల్లో శాఖవాళ్ల ఇఫ్తార్. ఐదూ నలభైకల్లా అక్కడున్నాను. దువా చదివింది నేనే. ఏడుంబావు దాకా కదల్లేదు. నలభై ముగ్గురం ఉన్నాం. ఫోటో కూడా ఉంది.”

“ఫోటో నేనడగలేదే!”

“అందరూ అడుగుతున్నారు. మీరూ అడుగుతారనుకున్నాను.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకుంది సేకర్. మళ్లీ తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆయన కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. గొంతులో దుఃఖం ఉంది. దుఃఖమున్న ప్రతివాడినీ అనుమానిస్తే ఈ వృత్తిలో చివరికి అద్దంలో ముఖం చూసుకోవడానికి కూడా భయమేస్తుంది.

“మంచి మనిషి,” అన్నాడు లుహుర్. “తొమ్మిదేళ్ల కిందట మాకు థీసిస్ రాసుకునే విదేశీ కంపెనీ ఎడిటర్‌కి చందా కట్టే స్తోమత లేకపోతే, ఓపెన్ సోర్స్ ఎడిటర్ ఉచితంగా దించి, పారేసిన యంత్రంలో పెట్టి నడిపించాడు. బ్రౌజర్ తెరిస్తే చాలు, లెక్కల గుర్తులు అచ్చుకెక్కించే లేటెక్‌లో థీసిస్ రాసుకోవచ్చు. నాలుగు వందల థీసిస్‌లు బయటికెళ్లాయి ఆ డబ్బాలోంచి. ఆయనకేమో డిగ్రీ కూడా లేదు.”

“కూతురు మీ విద్యార్థిని కదా?”

“వెనింగ్. డెంగీ జ్వరంతో పోయింది. రెండేళ్లయింది. బంగారంలాంటి బుర్ర. నీ దగ్గరికే వస్తున్నానని ఆయన రాసిన ఆ వీడ్కోలు చదివి నేను ఏడ్చాను, ఇబు.” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ రాత్రి ఏడో రోజు ప్రార్థన. ఆత్మహత్య అని తెలిసి ఆ వీధివాళ్లు గడప తొక్కడం మానేశారు. అందుకే నేనే వెళ్లి చదివిస్తున్నాను. భోజనాలు కూడా మా ఇంటినుంచే. ఆ పిల్ల నోటుపుస్తకాలు ఇస్తే గ్రంథాలయంలో భద్రంగా పెట్టిస్తానని సమీది భార్యకి చెప్పాను.”

“ఇస్తానన్నారా?”

“ఇస్తుందిలెండి. పాపం, ఆవిడకి అందులో ఏం తెలుస్తుంది?” లుహుర్ లేచాడు. “మీరూ ఇన్‌స్పెక్టర్‌గారూ ఐదింటికల్లా వెళ్లిపోతారు కదా? కింద తాళాలు వేయించాలి.”

“ఐదింటికే,” అంది సేకర్. అబద్ధమాడటానికి ఆమె ఎప్పుడూ ఎక్కువ మాటలు వాడదు.

బయటికొస్తూ గదిని ఒకసారి కళ్లతో తడిమింది. బీరువా పక్కన నీలం తాడు కట్టిన స్టీలు ఫ్లాస్కు ఉంది. బల్లమీద గ్లాసు పెట్టుకునే చెక్కబిళ్ల ఉంది. దానిమీద గ్లాసు లేదు. ఉపవాసమున్న మనిషికి పగలు గ్లాసెందుకులే అనుకుని మెట్లు దిగింది.

*

సర్వర్ గది ఆరడుగుల వెడల్పు కూడా లేదు. మూల ఇనపచట్రంలో పాత యంత్రం రొద పెడుతోంది. బల్ల, స్టూలు, కంప్యూటర్ తెర, గోడకి మేకు. సమీది పడిపోయిన చోట సుద్దగీత ఇంకా చెరగలేదు.

“పోలీసు ఉద్యోగం వదిలినా పోలీసు వాసన వదల్లేదన్నమాట మిమ్మల్ని!” అన్నాడు సింబోలోన్, గుమ్మంలోంచే. బతక్ తెగ మనిషి. గొంతు పెద్దది, మాట మొరటు. తూర్పున వేరే దీవిలోని మకస్సార్ నుంచి బదిలీ మీద వచ్చి మూడు వారాలైంది. “ఒక్క గంట ఇస్తున్నా. సమీది భార్య నా స్టేషన్ ముందు మూడు రోజులు కూచుంది, ఆవిడ మొహం చూసి ఇస్తున్నా. మీ మొహం చూసి కాదు.”

“నా మొహం చూసి ఎవరూ ఏమీ ఇవ్వరులెండి. మీ కథ చెప్పండి.”

“కథ కాదు, లెక్క.” వేళ్లు మడిచాడు. “గురువారం రాత్రి ఏడూ నలభైకి వాచ్‌మన్ తలుపు తీశాడు. మనిషి నేలమీద. బల్లమీద సగం తాగిన అల్లం టీ. అందులో పురుగుల మందు. ప్రాణం పోయింది ఆరుకీ ఏడుకీ మధ్యన అన్నారు డాక్టర్లు. ఎడిటర్ తెరిస్తే అన్నిటికన్నా పైన ‘వీడ్కోలు’ అని కొత్త పత్రం. ఐదు వరసలు. అది రాసిన సమయం ఆ ఎడిటర్ చరిత్రలోనే ఉంది, ఆరూ ఇరవై రెండు. ఆ టైముకి మిగతా శాఖంతా పైన అరిటాకుల్లో అన్నం తింటోంది. నలభై ముగ్గురూ ఫోటోలో ఉన్నారు. ఈ మెట్లమీద కెమెరాలో ఐదూ నలభై నుంచి ఏడూ నలభై దాకా ఈగ కూడా కదల్లేదు. మరెవరు రాస్తారు? దయ్యమా?”

“ఐదూ నలభైకి ముందు కెమెరా?”

“ముందుది నాకెందుకు? చీటీ రాసింది ఆరూ ఇరవై రెండుకైతే?”

సేకర్ పక్కకి తిరిగింది. గోడ మేకుకి ఆకుపచ్చ చుక్కల సత్తుకప్పు ఒకటి వేలాడుతోంది. దాన్ని తీసి లోపల వేలు పెట్టి చూసింది. అడుగున దుమ్ము, పొడిగా.

“ఇది సమీది కప్పు. తొమ్మిదేళ్లుగా ఇందులోనే తాగేవాడని నన్నీ కేసులోకి లాగిన మా తమ్ముడు చెప్పాడు. వాడి థీసిస్ కూడా ఈ యంత్రంలోదే. ముందుమాటలో దేవుడికి, అమ్మకి, గురువులకి దండాలు పెట్టాక, ‘మూడుసార్లు పోయిన నా నాలుగో అధ్యాయాన్ని మూడుసార్లూ వెతికిచ్చిన సర్వర్ గది బాపక్ సమీదికి’ అని రాశాడు.” కప్పుని జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. “గురువారం దీన్ని మేకు మీంచి తీయనే లేదు. టీ దేంట్లో ఉంది?”

సింబోలోన్ ఫోటో చూపించాడు. పువ్వుల గాజుగ్లాసు, పక్కన దాని మూత.

“ఇది అధ్యాపకుల గ్లాసు. సర్వర్ మనిషి అందులో తాగడం ఈ భవనంలో నేను వినలేదు.”

“చచ్చేవాడు మర్యాదలు చూస్తాడా? మంచి గ్లాసులో చద్దామనుకుని ఉంటాడు.”

“మీరు చచ్చేటప్పుడు అలాగే వెతుక్కోండి,” అంది సేకర్. కోపం వచ్చింది, దాచుకోలేదు.

తెరకి అంటించిన పసుపు చీటీమీద సమీది పాస్‌వర్డ్ ఉంది. శాఖలో దాన్ని చూడనివాళ్లు లేరు. తాళంచెవి గుమ్మానికే వేలాడదీసి ఊరంతా మంచివాళ్లే అనుకునే రకం మనిషి. ఆ పాస్‌వర్డ్ కొట్టి ఆమె లోపలికెళ్లింది. ఇనపచట్రం పక్కన గోందుతో అంటించిన కాగితం మీద బాల్‌పెన్ రాత కనబడింది. తను సెలవులో ఉంటే వచ్చేవాళ్లకోసం రాసిపెట్టుకున్నది.

‘ఈ యంత్రానికి మన ఊరు తెలియదు. లాగ్‌లో ఏ సమయం చూసినా ఏడు గంటలు కలుపుకోండి. వరస మొదట్లో 1 ఉంటే ఈ గది కంప్యూటర్. 2 ఉంటే అధ్యాపకుల వైఫై. 3 ఉంటే విద్యార్థుల వైఫై. గాభరా పడకండి. ఏదీ పోదు. — సమీది.’

సేకర్ దాన్ని రెండుసార్లు చదివింది. ఆ తర్వాత తమ్ముడు నేర్పించినట్టు ఎవరెప్పుడు లోపలికొచ్చారో నమోదయ్యే సర్వర్ లాగ్ తెరిచి, గురువారం వరసల్లోకి దిగింది.

“ఇన్‌స్పెక్టర్, ఇటు రండి. ‘వీడ్కోలు’ పత్రం. పది గంటల ఇరవై రెండు నిమిషాలు. ఏడు కలపండి.”

సింబోలోన్ పెదాలు కదిపాడు. “పదిహేడూ ఇరవై రెండు. అంటే ఐదూ ఇరవై రెండు. తప్పు! నేను నా కళ్లతో చూశాను, ఆరూ ఇరవై రెండు. ఈ డొక్కు యంత్రం...”

“దేంట్లో చూశారు?”

“నా లాప్‌టాప్‌లో. బ్రౌజర్‌లోనే. పాస్‌వర్డ్ కొట్టి, చరిత్ర తెరిచి, ప్రింటు తీయించి ఫైల్లో పెట్టాను.”

“ఆ లాప్‌టాప్ ఒకసారి తెరవండి.”

“ఎందుకు?”

“తెరవండి బాపక్. గంట ఇచ్చింది మీరే కదా!”

సంచీలోంచి తీసి విసురుగా తెరిచాడు. సేకర్ తన చేతి వాచీని తెర మూలనున్న అంకెల పక్కన పెట్టింది. వాచీలో నాలుగూ యాభై మూడు. లాప్‌టాప్‌లో ఐదూ యాభై మూడు.

“మకస్సార్ టైము, ఇక్కడికన్నా గంట ముందు,” అంది ఆమె. “మీతోపాటు మీ లాప్‌టాప్‌కి బదిలీ ఉత్తర్వు అందలేదు. చూసే మనిషి దగ్గర ఏ గడియారముంటే ఆ గడియారం ప్రకారమే సమయం చూపిస్తుంది ఈ ఎడిటర్. మీరు మీ మకస్సార్ గంటని తెచ్చి సమీది మెడకి చుట్టారు.”

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోన్ తీసి తెర పక్కన పెట్టి చూశాడు. “టైము ఫోన్లో చూసుకుంటాను. ఇది పట్టించుకోలేదు. నేను చర్చికెళ్లే మనిషిని, ఉపవాసముండను. ఉండుంటే మొదటి సాయంత్రం ఉపవాసం విడిచే అజాన్‌కే తెలిసిపోయేది ఇది తప్పని.”

“ఆ మాట నిజమే,” అంది సేకర్. ఇంక ఎత్తిపొడవబుద్ధి కాలేదు.

“అయినా సరే, ఐదూ ఇరవై రెండుకే రాసుకుని ఉండొచ్చుగా? తర్వాత తాగి...”

“ఐదూ పదిహేను నుంచి ఐదున్నర దాకా సమీది గేటు బయట కొబ్బరిపాల కోలాక్ పాయసం కోసం వరసలో నిలబడ్డాడు. అమ్మే ఆవిడని పొద్దున్నే అడిగాను. అరటిపండు ముక్కలు పెద్దవి వెయ్యమని రోజూ పేచీ పెట్టేవాడట. మీ ఫోటోలోనే ఉంది చూడండి, మూలన కోలాక్ సంచీ, ముడి విప్పలేదు. ఇప్పుడు లాగ్‌లో ‘వీడ్కోలు’ వరస మొదట్లో అంకె చదవండి.”

సింబోలోన్ వంగి చూశాడు. “రెండు.”

“అధ్యాపకుల వైఫై. సమీది చేతిలో ఉన్నదేమో నంబర్లు నొక్కే పాతఫోను, మీ దగ్గరే ఉంది. చీటీ రాసినవాడు ఈ గదిలోకి రానక్కర్లేదు. ఈ ఎడిటర్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పై అంతస్తులో కూచుని సమీది పేరుతో లోపలికొచ్చి, ఐదు వరసలు కొట్టి, ఐదూ నలభైకి హాల్లోకెళ్లి కూచున్నాడు. ఐదూ ఇరవై రెండుకి ఎవరెక్కడున్నారని మీరు ఒక్కర్ని కూడా అడగలేదు.”

“మరి విషం?”

“అంతకుముందే. మూత పెట్టిన గ్లాసులో. ఉపవాసమున్న మనిషి ముందు టీ పెట్టి వెళ్తే, ఎప్పుడు తాగుతాడో నిమిషంతో సహా చెప్పొచ్చు. గురువారం ఉపవాసం విడిచే మగ్రిబ్ వేళ ఐదూ యాభై నాలుగు. హంతకుడికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. అజాన్ చాలు. ఆ టైముకి తను నలభై మందిలో కూచుని ఖర్జూరం నోట్లో వేసుకుంటున్నాడు.”

పద్నాలుగు గంటలు దాహాన్ని ఓర్చుకుని, దేవుడి పేరు చెప్పి మొదటి గుక్క తాగిన మనిషిని తలుచుకుంది సేకర్. ఎన్నో చావులు చూసింది. ఇంత నమ్మకంగా తాగిన విషాన్ని చూడలేదు.

సింబోలోన్ టోపీ తీసి స్టూలు మీద పెట్టాడు. “మూడు రోజులు కూచుంది ఆవిడ నా గుమ్మంలో,” అన్నాడు మెల్లగా. “మా ఆయన అలా చెయ్యడయ్యా అని తప్ప ఒక్క మాట అనలేదు. నేను పొమ్మన్నాను.”

*

సమీది భార్య ఇబు తుకినా ఐదున్నరకి వచ్చింది. సన్నటి మనిషి. బాతిక్ అద్దకపు మైనం మరకలు పోని చేతులు. భర్త వస్తువులు తీసుకెళ్లమని స్టేషన్ నుంచి కబురందితే వచ్చింది. ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని స్టూలు మీద కూర్చుని, ముందుగా ఆకుపచ్చ కప్పుని కొంగుతో తుడిచింది.

“ఇంట్లో ఎవరున్నారు, ఇబు?” అడిగింది సేకర్.

“ఎవరుంటారమ్మా! మొదటిరోజు ముగ్గురొచ్చారు ప్రార్థనకి. రెండో రోజు ఒక్కరు. తర్వాత లేదు. ఉపవాసాల నెలలో తన ప్రాణం తను తీసుకున్నవాడికి దువా చెయ్యొచ్చో లేదో తెలీదంటున్నారు. ముప్పైయేళ్లు అందరి రేడియోలూ డబ్బు తీసుకోకుండా బాగుచేశాడు ఆయన.” ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయింది. “ఆయన అలా పోలేదని ఒక్కళ్లు అంటే చాలమ్మా. నేనేం కోరను.”

సింబోలోన్ గోడవైపు తిరిగాడు.

“ఆయన ఈ మధ్య ఏం రాసేవారో మీకు తెలుసా?”

“బిడ్డ థీసిస్. వెనింగ్ సగంలో వదిలేసి పోయింది కదా! దాని నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని రోజూ పని అయ్యాక కొన్ని వరసలు ఎక్కించేవాడు. నీకేం అర్థమవుతుందయ్యా అంటే, అర్థం కానక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు దించితే చాలు అనేవాడు. దాని పేరుతో ఒక్క పుస్తకం అచ్చయి బల్లమీద ఉండాలని.”

“అది నేను చదివాను,” అన్నాడు సింబోలోన్. “నూట పన్నెండు పేజీలు, ప్రింటు తీయించి ఒక్కో పేజీ తిరగేశాను. అంతా గుర్తులే. సొంత మాట ఒక్కటి లేదు.”

సేకర్ తల ఎత్తింది. “ప్రింటా? అసలు రాత చూడలేదా?”

“రెండూ ఒకటే కదా?”

ఆమె ‘వీడ్కోలు’ పత్రాన్ని ఒక పక్కన, సమీది పాత పత్రం ఒకటి ఇంకో పక్కన తెరిచింది. లేటెక్‌లో రాసేది వేరు, కాగితం మీద పడేది వేరు. శాతం గుర్తు పెట్టి ఏం రాసుకున్నా అది రాసిన మనిషికే కనబడుతుంది, అచ్చులోకి రాదు. సమీది పత్రాలన్నీ ఆ గుర్తుతోనే మొదలవుతున్నాయి. % బిస్మిల్లా. % ఇవాళ ఎండ. % ఇవాళ వాన. సర్వర్ బాగుచేసిన చిట్టా అయినా సరే, ముందు దేవుడి పేరు, తర్వాత ఆకాశం సంగతి. ‘వీడ్కోలు’లో ఆ వరస లేదు.

“చచ్చిపోయే రోజు మాత్రం దేవుణ్ని మరిచిపోయాడా?” అని గొణిగి, ఆమె వెనింగ్ థీసిస్ తెరిచింది.

నూట పన్నెండు పేజీల లెక్కల మధ్య, పేజీకొక శాతం గుర్తు. సమీది కూతురితో మాట్లాడుతున్నాడు. కాగితం మీద ఎవరికీ కనబడని చోట, రెండేళ్లుగా.

“ఏమైందమ్మా?” అంది తుకినా, ఆమె ముఖం చూసి.

“మీ ఆయన వెనింగ్‌కి ఉత్తరాలు రాశారు, ఇబు.”

తుకినా స్టూలుని తెరవైపు జరుపుకుంది. “చదవమ్మా. నా కళ్లు ఆగవు.”

సేకర్ చదివింది.

“బిస్మిల్లా. వాన. వెనింగ్, ఇవాళ పద్నాలుగో పేజీ. నువ్వు టీ ఒలకబోసిన చోట ఒక వరస కనబడటం లేదు. అప్పుడు తిట్టాను. ఇప్పుడు ఆ మరక మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాను.”

“బిస్మిల్లా. ఎండ. మీ అమ్మ బాతిక్ గుడ్డ మీద గీతలు దించినట్టు దించుతున్నాను తల్లీ. ఏమీ తెలియదు. తప్పుంటే కలలోకొచ్చి చెప్పు.”

తుకినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సింబోలోన్ గుమ్మంలో ఆనుకుని నేలవైపు చూస్తున్నాడు. వాచీలో ఐదూ నలభై నాలుగు. తుకినా సంచీ లోంచి ఫ్లాస్కు తీసి, దాని మూతలోకి టీ వంచి మోకాలి మీద పెట్టుకుంది. అజాన్‌కి ముందు ఈ ఊళ్లో ప్రతి మనిషీ చేసే పనే. సేకర్ అటు చూడలేదు. తెరమీద మూడో అధ్యాయం వచ్చింది.

“బిస్మిల్లా. మబ్బు. మూడో అధ్యాయం అయిపోయింది. బాపక్ లుహుర్ అచ్చు వేయించిన వ్యాసం గ్రంథాలయంలో చూశాను. అచ్చం ఇవే గుర్తులు, ఇదే వరస. నీ పేరు లేదు. నీ పుస్తకం మీద తేదీ ఆయన వ్యాసానికి ఏడు నెలల ముందుది. చదువుకున్నవాళ్లలో నాకు తెలియని పద్ధతేదో ఉంటుంది. తప్పుగా అనుకోకుండా ఆయన్నే అడుగుతాను.”

“ఆ వ్యాసం మీదే కదమ్మా ఆయనకి పెద్ద ప్రొఫెసర్ పదవి వస్తోంది,” అంది తుకినా అయోమయంగా. “వచ్చే నెల సభ. నన్నూ రమ్మన్నాడు. పొద్దున్న ఫోన్ చేసి నోటుపుస్తకాలు అడిగాడు. అది నా బిడ్డ చేతిరాత, ఒంట్లో ప్రాణముండగా ఇవ్వనన్నాను.”

సింబోలోన్ గోడ వదిలి నిలబడ్డాడు. సేకర్ గబగబా కిందికి జరిపింది. ఆఖరి పేజీ. గురువారం, యంత్రం గడియారంలో పదీ తొమ్మిది. ఏడు కలిపితే సాయంత్రం ఐదూ తొమ్మిది.

బయట మసీదు మైకు గరగరమంది. అజాన్ మొదలైంది.

“బిస్మిల్లా. ఎండ. వెనింగ్, ఇవాళ్టితో నీ పుస్తకం పూర్తయింది.” సేకర్ తెరకి దగ్గరగా వంగింది. “మూడో అధ్యాయం సంగతి బాపక్ లుహుర్‌ని నిన్న అడిగాను. కోపగించుకోలేదు. పైగా ఇవాళ మోకాళ్ల నొప్పితో ఈ మెట్లన్నీ దిగి, నాకోసం అల్లం టీ తెచ్చారు. తను తాగే గ్లాసులో. నువ్వు చూసుంటే నవ్వేదానివి, మీ నాన్నకి ప్రొఫెసర్ గ్లాసు! మూత పెట్టి, అజాన్ అయ్యాకే తాగండి బాపక్ అని మరీ మరీ చెప్పి వెళ్లారు. పెద్దమనిషి. నేనే తప్పుగా...”

వెనక ఏదో చప్పుడైంది. సేకర్ తిరిగి చూసింది.

తుకినా పెదాల దాకా వచ్చిన ఫ్లాస్కు మూత అక్కడే ఆగిపోయింది. టీ చీరగుడ్డ మీద ఒలికింది. అల్లం వాసన గదంతా నిండింది. ఆమె ఒళ్లో ఫ్లాస్కుకి నీలం తాడు.

“నాతోనూ అదే మాట అన్నాడమ్మా,” అంది తుకినా. “ఇందాక మెట్ల దగ్గర. పోలీసులు వెళ్లిపోయారు, ఆయన గదిలోనే కాసేపు కూచోండి, ఇది అజాన్ అయ్యాకే తాగండి అని.”

సింబోలోన్ రెండంగల్లో వచ్చి, ఆ మూతని రెండు చేతులతోనూ అందుకుని బల్లమీద పెట్టాడు. సేకర్ తన సంచీలోని నీళ్ల సీసా తీసి ఆకుపచ్చ కప్పులో పోసి ఇచ్చింది. తుకినా దేవుడి పేరు చెప్పుకుని ఒక గుక్క తాగింది. రెండో గుక్కకి ఏడుపు వచ్చింది.

“అయితే మా ఆయన ఉపవాసం విడిచే పోయాడు,” అంది వెక్కుతూ. “బిస్మిల్లా అనుకునే తాగుంటాడు. తనంతట తను పోలేదు. విన్నారా అయ్యా, తనంతట తను పోలేదు!”

“విన్నానమ్మా,” అన్నాడు సింబోలోన్. “ఆ మాట నేనే రాస్తాను. మీ వీధికొచ్చి నేనే చెప్తాను.”

అజాన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక మెట్టు. ఆగడం. ఇంకో మెట్టు. మోకాళ్లు సహకరించని మనిషి గోడ పట్టుకుని దిగుతున్నాడు.

సింబోలోన్ తలుపు చాటుకి జరిగాడు. సేకర్ తెర ఆర్పేసి, పెదాలమీద వేలు పెట్టింది.

అడుగులు సగంలో ఆగాయి. “ఇబు తుకినా?” అంది పైనుంచి గొంతు, ఎంతో మెత్తగా. “టీ తాగారా అమ్మా?”

తుకినా కొంగుతో కళ్లు తుడుచుకుంది. భర్త కప్పుని గుండెకి అదుముకుని, మెట్లవైపు తిరిగి జవాబిచ్చింది.

“తాగానండీ బాపక్. కిందికి రండి.”